కూర్చుని తిన్న శనివారం

డౌన్‌టౌన్ ఆఫీసు నుంచి పెద్దవాళ్ళెవరైనా డోనట్ల పెట్టె పట్టుకుని బ్రాంచికి వచ్చారంటే ఎవరికో మూడిందని అర్థం. మంచి కబురైతే వాళ్ళు రారు, ఈమెయిల్ పంపి ఊరుకుంటారు.

వెర్నా టిస్‌డేల్ ఆ పెట్టెను అద్దాల తలుపు అవతల ఉండగానే చూసింది. అయినా వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని ఇరవై డాలర్ల నోట్లు లెక్కపెడుతున్న చెయ్యి ఆగలేదు. కట్ట అంచులు కౌంటరు మీద తట్టి, కాగితపు పట్టీ చుట్టి, దానిమీద పొడి అక్షరాలు వేసి, సొరుగులో పెట్టి అప్పుడు తలెత్తింది. పక్క కిటికీలో ఉన్న షనైస్ "అక్కా, చాక్లెట్‌వి ఉంటాయంటావా?" అని మెల్లిగా అడిగింది. ఆ పిల్ల క్యాషియరుగా చేరి ఏడాదే అయింది. పాపం, దానికేం తెలుసు.

వచ్చినవాడు బ్రైస్ హాల్వర్సన్, ప్రాంతీయ మేనేజరు. మనిషి చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఇంటికెళ్ళి నాలుగు తిట్లు తిట్టుకుని పడుకోవచ్చు. ఇతను అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుంటాడు, తలుపు తెరిచి పట్టుకుని ముందు మిమ్మల్ని వెళ్ళమంటాడు. ఆ మంగళవారం కూడా అలాగే వెర్నాను ముందు నడిపించి, లోన్ల వాళ్ళ అద్దాల గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"మీరంటే బ్యాంకులో అందరికీ ఎంత గౌరవమో మీకు తెలుసు కదా వెర్నా."

ఆ మాట వచ్చాక ఇక వినాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. జూన్ నెలాఖరుకు బ్రాంచి మూత. సోమవారం పొద్దున తలుపుకి నోటీసు అంటిస్తారు. అప్పటిదాకా మూడో మనిషికి తెలియకూడదు, బ్రాంచిలో వాళ్ళకి కూడా. బఫెలో నగరం తూర్పు పేటలో మిగిలింది ఈ ఒక్క బ్యాంకే. ఇది పోతే ఇక్కడివాళ్ళు రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆ సంగతి బ్రైస్ చెప్పలేదు, వెర్నా అడగలేదు.

"మరి నేను?" అంది.

"అదే చెప్పబోతున్నాను" అంటూ అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బ్రాంచి మూసినా మేం వాళ్ళని వదిలెయ్యలేదని చెప్పడానికి ఒక మనిషి కావాలి. చర్చిలూ, బడులూ, ముసలివాళ్ళ సంఘాలూ తిరగాలి. కొత్త ఉద్యోగం. మీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? జీతం తగ్గదు. బీమా కూడా ఇప్పుడున్నదే ఉంటుంది."

బీమా అన్నచోట అతను కొంచెం ఆగాడు. వెర్నా భర్త యూజీన్ గుండెకి రెండుసార్లు కోత పడిందనీ, మందులన్నీ ఆమె బీమా మీదే నడుస్తున్నాయనీ అతనికి తెలుసు. పోయినసారి పువ్వులు పంపింది అతనే.

"అయితే ఒక్క మాట. ఈ శనివారం మన సేవాదినం. మీరు వారం వారం వెళ్ళే చర్చి వంటశాలనే ఎంచాం. ముప్పైమందిమి వస్తాం. వండి, వడ్డించి, కడిగి, అంతా మేమే. అక్కడివాళ్ళు హాయిగా కూర్చుని తినాలి. పైనుంచి ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు కూడా వస్తున్నారు. అది సాఫీగా జరిగిపోతే మీ పేరు నేను ఖాయం చేయిస్తాను."

వెర్నాకు ఏమీ అనిపించలేదు. దంతవైద్యుడు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా అయింది. "సరే" అని తన నోరు అనడం వింది.

బయటికి రాగానే షనైస్ వేళ్ళకంటిన చక్కెర నాకుతూ "ఏమన్నాడక్కా?" అంది.

"ఏముంది. శనివారం సేవాదినం గురించి."

"ఓస్, అంతేనా! నీ మొహం చూసి నేను హడలిపోయాను."

*

ఆ వంటశాల పాత పోలిష్ చర్చి నేలమాళిగలో ఉంది. దాన్ని నడిపే హలీనా నోవిట్స్కాకు ఎనభై దాటాయి. వయసు మోకాళ్ళకి వచ్చింది గాని నోటికి రాలేదు. గురువారం సాయంత్రం బ్యాంకు అయ్యాక వెర్నా వెళ్ళేసరికి ఆవిడ బల్ల దగ్గర క్యాబేజీ ఆకులు వలుస్తోంది.

"ముప్పైమందా!" అంది హలీనా. "నా వంటింట్లోకి ముప్పైమందా? ఏమే, నా పెళ్ళికి అంతమంది రాలేదే! వాళ్ళని ఎక్కడ పెట్టనే, అటక మీదా?"

"అన్ని పనులూ వాళ్ళే చేస్తారట హలీనమ్మా. నువ్వు ఊరికే చూస్తుంటే చాలట."

"నేను చూస్తాను సరే. మిగతావాళ్ళో?"

వెర్నా కత్తి తీసుకుని ఆకుల ఈనెలు చెక్కడం మొదలుపెట్టింది. హలీనా ఏం అడుగుతోందో ఆమెకు తెలుసు. ఈ వంటశాలకి ఒక్కటే కట్టుబాటు. తిన్నవాళ్ళు ఏదో ఒక పని చెయ్యాలి. ఎవరు ఉన్నవాళ్ళో, ఎవరు లేనివాళ్ళో ఎవరూ అడగరు. ఒకరు కుర్చీలు వేస్తారు, ఒకరు కాఫీ పోస్తారు, ఒకరు మెట్ల మీద మంచు తీసి ఉప్పు చల్లుతారు. చూపు సరిగా ఆనని డొరొటా అన్న ముసలావిడ నేప్కిన్లు మడతపెడుతుంది. ఇళ్ళు లేక కార్లలో పడుకునేవాళ్ళు కూడా ఇక్కడ చేతులు కడుక్కుని, పని చేసి, బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ పని చెయ్యనిస్తారు కాబట్టే చాలామంది ఆ మెట్లు దిగుతారు, లేకపోతే పస్తుండనైనా ఉంటారు గాని రారు. ఇన్నేళ్ళుగా వెర్నా కూడా పెట్టేవాళ్ళలో ఒకతెగా కాదు, దుంపలు చెక్కి తినేవాళ్ళలో ఒకతెగానే వస్తోంది.

"మనవాళ్ళు కూర్చుంటారు" అంది చివరికి. "వాళ్ళు వడ్డిస్తారు. మనవాళ్ళు తింటారు."

"ఊరికేనా?"

"ఒక్క శనివారమే కదా."

హలీనా ఆకు పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది. "నీకేమైందే? మాట నీది కాదు."

"బ్యాంకువాళ్ళు కొత్త పొయ్యి ఇస్తారు." ఆ మాట నిజమే. బ్రైస్ మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పాడు.

వంటింట్లో ఆరు బర్నర్ల పొయ్యి. నాలుగు చచ్చి చాలా కాలమైంది. హలీనా దానివైపు ఒకసారి చూసి, చేతులు తుడుచుకుంది. "పొయ్యి కోసమైతే సరే. కానీ గరిటె పట్టే లెమ్‌కి నువ్వే చెప్పుకో. నా నోటితో నేను చెప్పను."

*

లెమ్యుయెల్ గెయిన్స్ శుక్రవారం పదకొండింటికి వచ్చాడు. టోపీ తీసి చంకన పెట్టుకుని, లైను లేకపోయినా లైనుకోసం కట్టిన తాడు వెంట వంకరలన్నీ తిరిగి, వెర్నా కిటికీ ముందుకే వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కార్ల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుని, అది మూతపడ్డాక వంటశాలలో గరిటె పట్టాడు. శనివారాల్లో ప్లేటు ప్లేటుకీ గ్రేవీ పోసేది అతనే. పోస్తూ ప్రతి మనిషికీ ఒక మాట అంటాడు. 'మీ మోకాలెలా ఉంది?' 'గడ్డం గీసుకున్నావే, పెళ్ళిచూపులా?' కొంతమందిని ఆ వారం మొత్తంలో ఎవరైనా పలకరించారంటే అదే.

"ఎలా ఉన్నావు చెల్లీ? యూజీన్ నడుస్తున్నాడా, సోఫాలోనే పాతుకుపోయాడా?"

"నడుస్తున్నాడన్నా. ఫ్రిజ్ దాకా."

అతను గట్టిగా నవ్వి చెక్కు వెనక సంతకం పెట్టాడు. వెర్నా నోట్లు లెక్కపెడుతుంటే కిటికీ మీదికి కొంచెం వంగి, గొంతు తగ్గించాడు.

"మంగలి షాపులో ఏదో అనుకుంటున్నారు. ఈ బ్రాంచి ఎత్తేస్తారటగా?"

ఆమె వేలు నోట్ల మధ్య ఆగిపోయింది. లెక్క పోయింది. కట్ట మళ్ళీ సరిచేసి మొదటినుంచీ మొదలుపెట్టింది. అతను తన జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడు. అనుమానం ఏమీ లేదు ఆ మొహంలో. వెర్నా ఏది చెబితే అదే వెళ్ళి మంగలి షాపులో చెబుతాడు, అక్కడితో పేటంతా నమ్ముతుంది.

"నాకేం తెలీదన్నా" అంది.

"చూశావా, నేనూ అదే అన్నాను. ఉంటే మా వెర్నాకి తెలియదా, తెలిస్తే చెప్పదా అన్నాను."

నోట్లు అతని ముందు పరిచింది. ఆ ఊపులోనే రెండోది కూడా చెప్పేసింది. రేపు బ్యాంకువాళ్ళు వస్తున్నారనీ, గరిటె వాళ్ళు పడతారనీ, అతను హాయిగా కూర్చోవచ్చుననీ.

లెమ్యుయెల్ నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బొత్తాం వేశాడు. "అయితే నా ఉద్యోగం పీకేశారన్నమాట."

"ఒక్కరోజే అన్నా."

"ఫ్యాక్టరీలో కూడా రెండు వారాలే అన్నారమ్మా" అని నవ్వుతూనే టోపీ పెట్టుకున్నాడు.

అతను తలుపు దాటేదాకా చూసింది. తర్వాతి మనిషిని పిలిచింది.

*

శనివారం పదింటికే నేలమాళిగ నీలం టీషర్టులతో నిండిపోయింది. మంచి పిల్లలు, మంచి మనుషులు, ఒక్కరికీ వంక పెట్టలేం. పాటలు పెట్టుకుని దుంపలు చెక్కారు. బల్లల మీద తెల్ల కాగితం పరిచి, గాజు సీసాల్లో డాఫొడిల్స్ పెట్టారు. నేప్కిన్లకి రిబ్బన్లు కట్టారు. ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు చేతి తొడుగులు వేసుకుని బీన్స్ తెంపుతుంటే ఫొటోగ్రాఫరు బల్ల కిందనుంచి, కుర్చీ మీదనుంచి ఫొటోలు తీశాడు. హలీనా మూల స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పొరుగింటికి పేరంటానికి వచ్చినదానిలా చూస్తోంది. వెర్నా కూడా నీలం టీషర్టులోనే ఉంది. పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ తిరుగుతూ ఎవరేది అడిగితే అది అందిస్తోంది.

పన్నెండింటికి జనం మెట్లు దిగారు. ముందు వచ్చినవాడు అలవాటుగా గోడవార కుర్చీల దొంతర ఉండే చోటికి వెళ్ళాడు. అక్కడ కుర్చీలు లేవు, అన్నీ వేసేసి ఉన్నాయి. డొరొటా తన బల్ల తడుముకుంటూ వెళ్ళి నేప్కిన్ల కోసం వెతికింది. వేళ్ళకి రిబ్బను తగిలింది. దాన్ని కాసేపు నిమిరి, వదిలేసింది. కాఫీ పోసే మనిషి చేతిలోంచి ఒకమ్మాయి నవ్వుతూ జగ్గు తీసుకుంది. "మీరు రిలాక్స్ అవండి!"

లెమ్యుయెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సింకు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ వడ్డించే కిటికీ వైపు తిరిగాక గుర్తొచ్చినట్టుంది. అక్కడ బ్రైస్ ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకుని ఉన్నాడు.

"రండి సార్, కూర్చోండి! ఇవాళ మీరు మా అతిథులు."

లెమ్యుయెల్ తడి చేతులవైపు ఒకసారి చూసుకుని, వెళ్ళి కూర్చున్నాడు.

ప్లేట్లు వచ్చాయి. కోడి, బంగాళదుంపల ముద్ద, గ్రేవీ, బీన్స్, క్యాబేజీ చుట్టలు. బాగా వండారు, ఆవిరి పైకి లేస్తోంది. అందరి ముందూ పెట్టడం అయిపోయింది. ఎవరూ ఫోర్కు ముట్టుకోలేదు.

ఎవరూ ముందుగా అనుకుని చేసింది కాదది. పని చెయ్యకుండా ఆ బల్లల దగ్గర వాళ్ళెప్పుడూ తినలేదు, అంతే. చెయ్యి లేవలేదు. ఒకరినొకరు చూసుకున్నారు, హలీనావైపు చూశారు. ఆవిడ తలవంచుకుని తన వేళ్ళు చూసుకుంటోంది. పాటలు ఎవరో ఆపేశారు. నీలం టీషర్టులన్నీ గోడ పొడుగునా నవ్వు మొహాలతో నిలబడి ఉన్నాయి. ఆ నవ్వులు నెమ్మదిగా బిగుసుకున్నాయి.

బ్రైస్ వెర్నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? ప్రార్థన చెయ్యాలా? అయ్యో, మనం మర్చిపోయాం!" అని, ఆమె ఏమీ అనకముందే ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని పైకి చెప్పాడు. "వెర్నా మనందరి తరఫునా ప్రార్థన చేస్తారు."

వెర్నా చేసింది. భోజనానికి, చేతులకి, ఒకరికొకరు తోడు ఉన్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత కూడా ఎవరూ తినలేదు. వైస్ ప్రెసిడెంట్లలో ఒకావిడ గడియారం చూసుకుంది. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. బ్రైస్ మెడ ఎర్రబడింది, పాపం అతను ఏం తప్పు చేశాడో అతనికి నిజంగానే తెలియదు. వెర్నావైపు చూశాడు. ఆమె చెయ్యాల్సిన పని ఏదో ఉందనీ అది ఇప్పుడే చెయ్యాలనీ ఆ చూపు.

అసలు సంగతి అప్పుడు పైకి చెప్పేయొచ్చు. వీళ్ళకో పని ఇవ్వండి, ఒక జగ్గు, ఒక గుడ్డ, ఏదైనా, తింటారు అని. చెబితే వైస్ ప్రెసిడెంట్ల ఎదుట బ్రైస్ నవ్వులపాలవుతాడు. అప్పుడు బీమా అన్నచోట అతను ఆగిన ఆ క్షణం ఎటు తిరుగుతుందో వెర్నాకు తెలుసు. ఆమె బల్లల మధ్యనుంచి నడిచి లెమ్యుయెల్ పక్కకి వెళ్ళి వంగింది.

"తిను అన్నా. చల్లారిపోతోంది."

"ఏం చేశానని చెల్లీ?" అన్నాడు అతను మెల్లిగా. కోపం లేదు. నిజంగా అడిగాడు.

"నా కోసం తిను."

అతను తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె టీషర్టు చూశాడు, మళ్ళీ మొహం చూశాడు.

"నీకు అవసరమా?"

"అవసరమే."

"అలా చెప్పు మరి" అని ఫోర్కు తీసుకున్నాడు. లెమ్ తినడం చూసి పక్కవాళ్ళు తిన్నారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు తిన్నారు. పాటలు మళ్ళీ మొదలయ్యాయి. కడుపు నిండా పెట్టారు, కొసరి కొసరి పెట్టారు. తిన్నాక ఎవరైనా తమ ప్లేటు పట్టుకుని సింకువైపు లేస్తే నీలం టీషర్టు ఒకటి పరుగున వచ్చి తీసుకుంది. జనం త్వరగా వెళ్ళిపోయారు. ఎప్పుడూ గంటసేపు కబుర్లాడేవాళ్ళు కూడా కోట్లు వేసుకుని, ఎవరికి ఎవరూ ఏమీ చెప్పకుండా మెట్లెక్కారు. గుంపు ఫొటోలో వెర్నా మధ్యలో ఉంది.

"అద్భుతంగా జరిగింది" అన్నాడు బ్రైస్, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి అతనికి.

*

సోమవారం పొద్దున నోటీసు అంటించారు. తొమ్మిదింటికి తలుపు తెరిచేసరికి బయట నలుగురైదుగురు నిలబడి చదువుతున్నారు. వాళ్ళలో లెమ్యుయెల్ ఉన్నాడు. కళ్ళజోడు పైకెత్తి, నోటీసు మొదటినుంచి చివరిదాకా చదివి, అద్దంలోంచి వెర్నా కిటికీవైపు చూశాడు. లోపలికి రాలేదు. ఆమె చెయ్యి సగం లేపింది. అప్పటికే అతను వెనక్కి తిరిగాడు.

షనైస్ బాత్రూంలో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి, ఆమె పక్కనే నిలబడింది. "మంగళవారమే తెలుసు కదూ నీకు?" అంది.

"తెలుసు."

"నేను డోనట్లు తింటుంటే చూస్తూ కూర్చున్నావు."

వెర్నా సొరుగు తాళం తీసి చిల్లర నాణేల గొట్టాలు వరసగా పెట్టుకుంది. బుధవారం కొత్త ఉద్యోగం కాగితాలు వచ్చాయి. ఇంటి దగ్గర యూజీన్ బల్ల మీద చెయ్యి కొట్టి "అమ్మయ్య!" అన్నాడు. ఆమె కూడా అమ్మయ్య అంది. మందుల డబ్బీలో వారానికి సరిపడా గోళీలు సర్ది మూత పెట్టింది.

శనివారం వెళ్ళాలా మానాలా అని ఎక్కువ ఆలోచించలేదు. వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. పైగా శనివారం ఆ వేళకి కాళ్ళు అటే నడుస్తాయి.

కొత్త పొయ్యి అట్టపెట్టెలో గోడవార ఉంది, ఇంకా విప్పలేదు. పాతదాని రెండు బర్నర్ల మీదే కుండలు ఉడుకుతున్నాయి. హలీనా "వచ్చావా" అంది, అంతే. తిడుతుందనుకుంది వెర్నా. తిట్టించుకోవడానికే వచ్చిందేమో కూడా. హలీనా తిట్టలేదు, కుండలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. ఒకరు కుర్చీలు వేస్తున్నారు, డొరొటా మడతలు పెడుతోంది, మెట్లమీద పార చప్పుడు వినిపిస్తోంది. వెర్నా కోటు తగిలించి, ఏప్రన్ కట్టుకుని, దుంపల బకెట్టు ముందు కూర్చుని తొక్క తియ్యడం మొదలుపెట్టింది. ఒక దుంప అయింది. రెండోది చేతిలోకి తీసుకుంది.

లెమ్యుయెల్ వచ్చి ముందు నిలబడ్డాడు. వంగి, ఆమె వేళ్ళమధ్యనుంచి కత్తి మెల్లిగా తీసుకున్నాడు. తర్వాత దుంప తీసుకున్నాడు.

"మీరు లేవండి, మిసెస్ టిస్‌డేల్."

ఇన్నేళ్ళలో అతను ఆమెను అలా పిలవడం అదే మొదలు.

"లెమ్ అన్నా, నేను..."

"చేతులు పాడవుతాయి మీకు. రండి."

కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇంకా జనం రాలేదు, కోడి పూర్తిగా ఉడకలేదు. అందుకని కుండలోంచి బాగా ఉడికిన ముక్క ఏరి తెచ్చాడు. దుంపల ముద్ద, గ్రేవీ, క్యాబేజీ చుట్టలు రెండు. నేప్కిన్ పక్కన పెట్టి, ఫోర్కు సరిచేసి, కాఫీ పోశాడు. ఎక్కడా ఎగతాళి లేదు. అంత మర్యాదగా ఆమెకు జీవితంలో ఎవరూ వడ్డించలేదు.

"లెమ్, వదిలెయ్ ఇంక" అంది హలీనా పొయ్యి దగ్గరనుంచి. అతను వినిపించుకోలేదు.

వెర్నా చుట్టూ చూసింది. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉంది. ఎవరూ పని ఆపలేదు, ఆమెవైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించనూ లేదు. తన చేతులు రెండూ ఊరికే బల్లమీద ఉన్నాయి.

"నన్ను దుంపలు చెక్కనివ్వన్నా" అంది. "ఒక్క బకెట్టు. ఏదో ఒకటి చెయ్యనివ్వు."

లెమ్యుయెల్ సంచీలోంచి రొట్టె తీసి, రెండు ముక్కలు కోసి, ప్లేటు అంచున పెట్టాడు.

"అక్కర్లేదండీ" అన్నాడు. "అన్నీ మేం చూసుకుంటాం."

ఆమె ఫోర్కు తీసుకుంది. తిన్నంతసేపూ అతను పక్కనే నిలబడి, కాఫీ తగ్గినప్పుడల్లా పోశాడు. ప్లేటు ఖాళీ అయ్యాక ఆమె దాన్ని పట్టుకుని లేవబోయింది. అతను చెయ్యి చాచి తీసుకుని, వచ్చినందుకు థాంక్స్ చెప్పి, కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళిపోయాడు.